బొట్టు పెట్టి పిలిచిన తోట

కాళ్ళు కడుక్కున్నావుటే బుల్లీ? ఏదీ, చూడనీ. పొద్దుట్నుంచీ ఆ కొత్త మొక్కల మట్టిలోనే పొర్లావు. సరే, దుప్పటి లాక్కో. ఊఁ కొడితేనే చెప్తాను. మధ్యలో నిద్రపోయావో, నాకు ఒళ్ళు మండుతుంది.

అనగా అనగా, కాలవ గట్టు పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో నాగరత్నం అని ఒకావిడ. ఆవిడకి మాణిక్యం అని ఒక్కగానొక్క కూతురు. అచ్చం నీ అంతే ఉంటుంది, నీలాగే పడుకోమంటే కాళ్ళు ఊపుతుంది. నాగరత్నం మొగుడు కొబ్బరికాయల పడవ మీద పోతే మళ్ళీ ఎప్పటికో గానీ వచ్చేవాడు కాదు. అంత పెద్ద పెరడున్న ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే ఉండేవాళ్ళు.

నాగరత్నానికి మర్యాదలెక్కువ. దారినపోయే మేకని కూడా "మా ఇంటికి రా తల్లీ" అనే రకం. ఊళ్ళో ఎవరింట్లో పేరంటమైనా, బొట్టు పెట్టి పిలవడానికి ఆవిడ్నే పంపేవాళ్ళు. అందుకని కుంకుమ భరిణ ఎప్పుడూ ఆవిడ బొడ్లోనే ఉండేది.

ఉగాది వెళ్ళింది. ఊరంతా చిగుళ్ళే, ఆవిడ పెరడు మాత్రం బోసిగా ఉంది. అప్పుడు ఆవిడకి మొక్కలు పెట్టాలని బుద్ధి పుట్టింది. మాణిక్యం చెయ్యి పట్టుకుని కాలవ అవతల మొక్కలమ్మే తోటకి వెళ్ళింది.

ఆ తోటలో ఒక ముసలమ్మ. పొదల మధ్య కూచుంటే పొద ఏదో ముసలమ్మ ఏదో తెలియదు. నాగరత్నం ఒక మల్లె, ఒక కరివేప, ఒక దానిమ్మ ఏరుకుంది. ముసలమ్మ వాటి వేళ్ళకి తడిమట్టి ముద్దచేసి, అరిటాకులో చుట్టి చేతికిచ్చింది. "తీసుకెళ్ళి పాతుకో అమ్మాయ్. కానీ ఇక్కడ నోరెత్తకు. వీటిని పిలవకు" అంది.

విందా? ఎందుకు వింటుంది! ముసలమ్మ అటు తిరగ్గానే ఆవిడ ప్రాణం ఊరుకోలేదు. ఇంటికి తీసుకెళ్తూ బొట్టయినా పెట్టకపోతే ఏం బావుంటుంది అనుకుంది. భరిణ తీసి మూడు మొక్కలకీ బొట్టు పెట్టింది. పెట్టి, అలవాటు కొద్దీ, "మా ఇంటికి రండమ్మా, ఇంటిల్లిపాదీ రండి" అనేసింది.

అప్పుడు గాలి లేదు బుల్లీ. అయినా తోటంతా ఒక్కసారి ఆవిడ వైపు తిరిగింది. నాగరత్నం చూసుకోలేదు. ఎండెక్కుతోందని గబగబా ఇంటిదారి పట్టింది.

మూడు మొక్కలూ పాతింది, నీళ్ళు పోసింది. మర్నాడు పొద్దున్న చూస్తే నూతి దగ్గర కనకాంబరం మొక్క! ఆవిడ తెచ్చింది కాదు. ఏ పిట్టో గింజ వేసుంటుందిలే అని మురిసిపోయింది. గింజ వేస్తే తెల్లారేసరికి మోకాలెత్తు మొక్కవుతుందా? ఆ మాత్రం ఆలోచించద్దూ! ఆలోచించలేదు, చెంబుడు నీళ్ళు పోసి వచ్చింది.

ఆ తర్వాతి రోజు పెరట్లో కాలు పెట్టే చోటు లేదు. గన్నేరు, నందివర్ధనం, పారిజాతం, పేరు తెలియనివి బోలెడు. అన్నీ ఇంటి వైపే చూస్తూ నిలబడ్డాయి. దడి గుమ్మం నుంచి లోపలిదాకా నేల మీద తడి చారలు, ఎవరో తడిచీరలు ఈడ్చుకుంటూ వచ్చినట్టు. మాణిక్యం అరుగు మీద కూచుని వాటితో కబుర్లాడుతోంది. "అమ్మా, కూచోమనవేం? నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయిట వాళ్ళకి" అంది.

నాగరత్నం ఊరుకుంటుందా? గునపం తెచ్చి గన్నేరుని పెకలించబోయింది. ఆవిడ పైకి లాగితే, అడుగునుంచి ఎవరో కిందికి లాగారు. గునపం అక్కడే పారేసి, పిల్లని ఈడ్చుకుంటూ లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది.

మూడోనాడు పొద్దున్న కూడా ఆ గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. కానీ అలికిన మట్టినేల చీల్చుకుని నట్టింట్లో మొక్కలు. మాణిక్యం వాటి మధ్య బాసింపట్టు వేసుకుని కూచుంది. దాని నుదుట ఎర్రమట్టి బొట్టు, ఇంకా తడి కూడా ఆరలేదు.

"వాళ్ళూ నన్ను పిలిచారమ్మా. దీపాలవేళకి వాళ్ళింటికి రమ్మన్నారు. నాకు చోటు కూడా ఉంచారుట" అంది నవ్వుతూ.

నాగరత్నం పిల్లని ఎత్తుకోబోయింది. లేవలేదు. మళ్ళీ లాగింది. పిల్ల కెవ్వుమంది. వంగి చూస్తే మడమల కింద తెల్లగా, సన్నగా, దీపం వత్తి పోగుల్లాంటి వేళ్ళు. అవి నేలలోకి దిగి ఉన్నాయి. ఏయ్, కాళ్ళు ముడుచుకోకు, నీకేం కాలేదులే. విను.

నాగరత్నం ముసలమ్మ కోసం పరిగెత్తింది. అక్కడ తోట లేదు! అన్నీ గుంటలే, మొక్క ఉన్న చోటల్లా ఒక గుంట. ముసలమ్మ కూచున్న చోట కూడా గుంటే. వాటి పక్కన అప్పుడే తవ్విన చిన్న గుంట ఒకటి ఉంది, మాణిక్యం రెండు పాదాలూ పట్టేటంత. దాని చుట్టూ ఎవరో ముచ్చటగా నీళ్ళు కూడా చల్లి పెట్టారు.

అది చూసి ఆవిడ గొల్లుమంది. ఏడ్చుకుంటూ తిరిగొస్తుంటే కాలవ వంతెన మీద అప్పుడు తట్టింది. బొట్టు పెట్టి పిలిచింది తనే. పిలిచి ఒకరి కాళ్ళకి పసుపు రాసిందా? గుప్పెడు శనగలు పెట్టిందా? పేరంటానికి పిలిచి, ఏమీ ఇవ్వకపోతే వాళ్ళు మాత్రం ఎలా వెళ్తారు, పాపం!

పరుగున ఇంటికొచ్చి శనగలు నానేసింది. పసుపు కలిపింది, గంధం తీసింది. పొద్దు వాలుతుండగా మొదలుపెట్టింది. ఒక్కొక్క మొక్క మొదట్లో పసుపు రాసి, కాండానికి గంధం పూసి, గుప్పెడు శనగలు పెట్టింది. తమలపాకులు మాత్రం ఇవ్వలేదు. వాళ్ళ చుట్టాల్ని కోసి వాళ్ళ చేతికే ఇస్తే బావుంటుందా మరి!

పసుపు అందినవి అందినట్టు వేళ్ళు వదులు చేసుకుని గుమ్మం వైపు జరిగాయి. కానీ ఒక్కటీ గడప దాటలేదు. అన్నీ ఆగి వెనక్కి చూస్తున్నాయి. నాగరత్నం కూడా చూసింది. వరస మధ్యలో మాణిక్యం కూచుని ఉంది, జడలోంచి లేత చిగురు వేసుకుని. "నాకేదీ పసుపు?" అని కాళ్ళు చాపింది.

ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని ఆగిపోయింది బుల్లీ. రాస్తే, పేరంటాలిని సాగనంపినట్టే, వాళ్ళతో వెళ్ళిపోతుంది. రాయకపోతే, నేలకి అతుక్కుని అక్కడే చెట్టయిపోతుంది. బయట వెలుతురు తగ్గిపోతోంది. ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది. దుఃఖం మీద కోపం వచ్చింది.

"ఏమే! ఇంటిదానివి, పేరంటాళ్ళలో కూచుంటావుటే సిగ్గులేకుండా? నేనొక్కత్తినీ ఇంతమందికీ చేసుకోవాలా? లే! వచ్చినవాళ్ళకి పసుపు రాయి!" అని ఒక్క కేక వేసి గిన్నె చాపింది.

ఎంత మాయలో ఉన్నా అమ్మ కేకేస్తే లేవని పిల్ల ఉంటుందా? "వస్తున్నా!" అని మాణిక్యం గబుక్కున లేచింది. పుటుక్కు పుటుక్కుమని వేళ్ళు తెగాయి. తెగిన చోట రక్తం వచ్చింది, ఎర్రటి మనిషి రక్తం. నాగరత్నం ఆ రక్తం చూసి సంతోషం పట్టలేక బావురుమంది.

తల్లీకూతుళ్ళు కలిసి మిగతా వాళ్ళకి పసుపు రాశారు. ఆఖర్న ఒక ఎండుపొద మిగిలింది. మాణిక్యం దానికి కూడా రాసింది. పొదలోంచి ముసలమ్మ గొంతు, "పిలవద్దన్నానా లేదా!" అని గొణిగింది. తర్వాత తోటంతా గలగలమంటూ గడప దాటి, దడి దాటి, కాలవ వైపు వెళ్ళిపోయింది. మల్లె, కరివేప, దానిమ్మ మాత్రం పెరట్లో ఉండిపోయాయి.

కథ కంచికెళ్ళింది,
తోట తోటకెళ్ళింది,
పిల్ల తల్లికి దక్కింది,
మన దీపం కొండెక్కింది.

ఊఁ, పడుకో ఇంక. ఏమిటే, అలా చూస్తావు? పొద్దున్న మొక్కలు కొన్నప్పుడు నువ్వేమీ అనలేదు కదా? ...అన్నావా? ఒక్క గులాబీనే రమ్మన్నావా, అందర్నీ రమ్మన్నావా?

సరే, భయపడకు. అమ్మమ్మని నేను లేనూ? ఇలాగే ఉండు, కాళ్ళు నేలమీద పెట్టకు. శనగలు నానేసి వస్తాను.