అమ్మవారు పోసిన మామిడిచెట్టు

ఊఁ కొడతావా మరి? కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తా!

అనగనగా ఒక ఊళ్ళో, ఆవగింజలో సగం కూడా లేని ఈగమ్మ ఒకతి ఉండేది. గుడ్లు పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటూ గంగరత్నం పెరట్లోకి వచ్చింది. అక్కడ మామిడిచెట్టు లేతాకులు వేసి ఉంది. అబ్బ, ఎంత మెత్తగా ఉన్నాయో! ఆకు ఆకుకీ గుడ్లు పెట్టేసి తన దారిన తను పోయింది.

ఈ గంగరత్నానికి పిల్లాజెల్లా లేరు. ఆ చెట్టునే బిడ్డనుకునేది. మొగుడు వీర్రాజుకేమో అది కంట్లో నలుసు. "కాయా లేదు, పాడూ లేదు. నరికేసి గొడ్లపాక వేస్తా" అనేవాడు. ఆ మాట వింటే చాలు, పిచ్చితల్లికి అన్నం సయించేది కాదు.

కొన్నాళ్ళకి ఆకుల నిండా బుడిపెలు లేచాయి. గంగరత్నం గుండెలు బాదుకుంది. "అయ్యో నా తల్లీ! నీకు అమ్మవారు పోసిందే!" ఒళ్ళంతా పొక్కులొస్తాయే, అదే అనుకుంది.

అప్పుడేం చేసింది? చెట్టు చుట్టూ వేపమండలు కట్టింది. ఆ తర్వాత కడవల కొద్దీ పసుపునీళ్ళు పోసింది. ఆ తర్వాత ఇంట్లో తాలింపే మానేసింది. అమ్మవారు పోసిన ఇంట్లో పోపు ఘాటు రాకూడదుగా! చప్పిడి పప్పు తినలేక వీర్రాజుకి కోపం నషాళానికెక్కింది. గొడ్డలి తీశాడు.

గంగరత్నం వెళ్ళి చెట్టుని వాటేసుకుంది. "అమ్మవారు పోసిన బిడ్డ మీద గొడ్డలెత్తుతావా? కళ్ళు పోతాయి!"

వీర్రాజు గబగబా లెంపలేసుకున్నాడు. "సర్లే, తగ్గాకే నరుకుతా" అన్నాడు. ఆ భయంతో తనూ రోజూ నీళ్ళు మోశాడు. గంగరత్నానికేమో, బిడ్డకి తగ్గాలని మొక్కాలో తగ్గకూడదని మొక్కాలో తెలీలేదు.

ఒకనాడు పొద్దున్నే ఇద్దరూ నీళ్ళు పోస్తుంటే ఒక బుడిపె చిట్లింది. అందులోంచి బుల్లి ఈగపిల్ల తొంగి చూసింది. అప్పుడు దాని పక్కది, ఆ తర్వాత ఆ పక్కది! గంగరత్నం గుండె జారిపోయింది. అమ్మవారు కాదన్నమాట. ఇంక గొడ్డలికి అడ్డేముంది?

వీర్రాజు ఆ ఆకు కింద చెయ్యి పెట్టాడు. రెక్కలింకా తడారని పిల్లొకటి అతని చేతి మీదికి పాకింది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంత లేని ప్రాణం కూడా దీన్ని నమ్మి పిల్లల్ని వదిలెళ్ళిందే, రత్నం! నేను చూడు, కాయల కోసం చంపబోయాను" అన్నాడు. "ఆ కడవ ఇలా ఇవ్వు. ఈ పక్క వేళ్ళకి నీళ్ళందలేదు."

లేతాకు కొమ్మకి,
నీళ్ళేమో వేరుకి,
ఈగపిల్ల గాలికి,
కథేమో కంచికి,
నా బంగారుకొండేమో నిద్దరకి!