తోకరాజు కట్టిన తడిక

నల్లరేవు అడవిలో ఎలుగుబంట్లు, ఏదుపందులు, జింకలు, ఉడతలు ఉండేవి. ఉసిరికాయలకు ఆ అడవిలో కొదవే లేదు. లేనిదల్లా ఉప్పు. ఏటి అవతలి జంతువులకు ఉసిరికాయలు పంపి ఉప్పురాళ్ళు తెచ్చుకునేవి. కానీ దారిలోనే సగం కాయలు కుళ్ళిపోయేవి. ఉప్పు చాలక జింకపిల్లలు నీరసపడేవి.

ఒకరోజు దూరదేశం నుంచి తోకరాజు అనే కొండముచ్చు తన గుంపుతో, పడవలతో దిగాడు.

"కాయల్ని ఎండబెట్టి వరుగులు చేయిస్తా. ఒక్కటీ కుళ్ళదు. పెట్టుబడి నాది, పడవలు నావి. మీరు కాయలు కోసిస్తే చాలు. వచ్చిన ఉప్పులో కొంత నాకు, మిగతాది మీకు" అన్నాడు.

అబ్బో, ఎంత తియ్యటి మాటలో!

ఆ అడవిలో తూర్పుకొండకు పెద్ద గుబురయ్య అనే ఎలుగుబంటి. అతను పొంగిపోయి కొండమీది కాయలన్నీ తోకరాజుకే అన్నాడు. తోకరాజు వెంటనే ఎండబెట్టే చోటు చుట్టూ ఎత్తయిన తడిక కట్టించాడు. లోపలికి అతని కొండముచ్చులే వెళ్ళాలట!

పడమటివాలుకు పెద్ద సూదమ్మ అనే ఏదుపంది. ఆమెకు అక్కడే అనుమానం వచ్చింది.

"వరుగులే కదయ్యా చేసేది, తడిక ఎందుకు?"

"దుమ్ము పడకుండా, అమ్మా."

"పైనుంచి పడే దుమ్ము సంగతేమిటి మరి?"

తోకరాజు నవ్వుతూ మాట మార్చాడు. ఆ నవ్వు సూదమ్మకు అస్సలు నచ్చలేదు. "మా కాయలు కావాలంటే మా ఉడతలు కూడా లోపల పనిచెయ్యాలి" అని పట్టుబట్టింది. తోకరాజు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

"నీకన్నీ అనుమానాలే అక్కా!" అని గుబురయ్య ఎగతాళి చేశాడు. "మా కొండ నుంచి రోజుకి పది పడవలు పోతున్నాయి, చూశావా?"

నిజమే, ఉప్పు బాగానే వచ్చింది. మూడేళ్ళు అలాగే గడిచాయి. అంతలో ఇంకా పెద్ద కాయలు కాసే అడవి ఎక్కడో ఉందని తోకరాజుకు తెలిసింది. మాటమాత్రమైనా చెప్పకుండా పడవలతో సహా అన్నీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

తడిక లోపల ఏం చేసేవారో తెలియని గుబురయ్య కాయల్ని గింజ తియ్యకుండా అలాగే రాళ్ళమీద ఎండలో పడేశాడు. అవి నల్లబడి పురుగుపట్టాయి. అవతలి ఒడ్డువాళ్ళు ముక్కు మూసుకుని తిప్పి పంపారు. తూర్పుకొండకు ఉప్పు ఆగిపోయింది. అక్కడి జింకపిల్లలు మట్టి నాకడం మొదలుపెట్టాయి. పాపం, చూడలేం!

పడమటివాలులో మాత్రం, తడిక లోపల పని నేర్చుకున్న ఉడతలు తొనలు విడదీసి, గింజ తీసి, రెండు రోజులు నీడలో, ఆ తర్వాత ఎండలో ఆరబెట్టాయి. వెదురు తెప్పల మీద వరుగులు ఏరు దాటాయి.

గుబురయ్య తలదించుకుని వచ్చాడు. "అక్కా, పిల్లలకి కాస్త ఉప్పు..."

"తీసుకెళ్ళు."

"తోకరాజు మళ్ళీ వస్తాడంటావా?"

సూదమ్మకు ఒళ్ళు మండింది. "ఇంకా వాడికోసమే చూస్తున్నావా? అందాకా నీ కొండమీది పిల్లలు మట్టి నాకాలా? కూర్చో. గింజ తియ్యడం నేర్చుకో!"

అంతటి కొండపెద్దా ఒక చిన్న ఉడత పక్కన చతికిలపడ్డాడు. మొదటి కాయ అతని గోళ్ళ మధ్యే నలిగిపోయింది. ఇంకొకటి తీసుకున్నాడు.

నీతి: పరాయివాడి పెట్టుబడితో సరుకు ఎంత ఎగుమతైనా, ఆ పని మనకు రాకపోతే, అతను వెళ్ళిన రోజే ఎగుమతీ ఆగిపోతుంది.