రెండు గీతల ముగ్గు

సోమిదేవమ్మగారిని ప్రశ్న అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. "చూద్దాంలే" అని వీణ బిరడలు సవరించుకుంటూ కూర్చునేవారు. ఆ చూడడానికి ఒక్కోసారి వారం పట్టేది, ఒక్కోసారి ఏడాది పట్టేది. విజయనగరంలో ఆమె దగ్గర వీణ నేర్చుకున్నవాళ్లలో, అడిగిన ప్రశ్న మరిచిపోయాక జవాబు దొరికిందని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. భానోజీరావుకి మాత్రం ఒక్క పూటలోనే దొరికింది. అదీ అతను స్వయంగా చేసిన ఒక తెలివితక్కువ పని ధర్మమా అని.

భానోజీరావు పోస్టాఫీసులో గుమాస్తా. నలభై దాటాక వీణ పట్టాడు. అంతకు ముందు రెండేళ్లు అతనికి దేనిమీదా మనసు నిలిచేది కాదు. నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు, పలకరించినవాళ్ల మీదల్లా కస్సుమనేవాడు. వీణ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాక గుండెల మీది బరువు కొంత దిగింది. వీణ తీసిన రోజున మనిషిలా ఉంటాడనీ, తియ్యని రోజున గిన్నెల చప్పుడుకి కూడా విసుక్కుంటాడనీ అతని భార్య పైడితల్లి ఇరుగుపొరుగుకి చెప్పేది. చిక్కల్లా, తీసిన రోజులకన్నా తియ్యని రోజులే ఎక్కువ.

అతను పెట్టుకున్న నియమం అలాంటిది మరి. తెల్లవారుజామున లేచి, తలస్నానం చేసి, దీపం వెలిగించి, రెండు గంటలు కదలకుండా సాధన చెయ్యాలి. ప్రతి నెలా పంచాంగం చూసి మంచిరోజున మొదలుపెట్టేవాడు. నాలుగు రోజులు దివ్యంగా సాగేది. ఐదో రోజున ఏ చుట్టమో దిగేవాడు, లేకపోతే ఒళ్లునొప్పులు. అరగంట తీరిక దొరికినా వీణ ముట్టేవాడు కాదు. అరగంట సాధనతో సరిపెట్టడం సరస్వతీదేవికి అవమానమని అతని నమ్మకం. ఒక్కరోజు తప్పిందంటే వ్రతం చెడినట్టే, ఇక ఆ నెలంతా వీణ గుడ్డ తొడుగులోనే. పదకొండు నెలలు ఇలా గడిచేసరికి అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

ఒక ఉదయం, గురువుగారు వాడుకోమని ఇచ్చిన వీణను రిక్షాలో పెట్టుకుని, తిరిగి ఇచ్చేద్దామని బయలుదేరాడు. ఇది వదిలేస్తే ఆ పాత బరువు మళ్లీ వచ్చి గుండెల మీద కూర్చుంటుందని అతనికి తెలుసు. దారి పొడుగునా భయపడుతూనే ఉన్నాడు.

సోమిదేవమ్మగారు మూడు రోజులుగా జ్వరంతో మంచం మీద ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. అతను వీణను గోడవార పడుకోబెట్టి, మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నాకెందుకు నిలవదండీ అమ్మగారూ? శ్రద్ధ లేకా, రాత లేకా?" అని అడిగేశాడు.

ఆమె అలవాటు ప్రకారం చూద్దాంలే అన్నారు. ఇవాళ పనిమనిషి రాలేదనీ, గుమ్మం ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, కాస్త ముగ్గు పెట్టమనీ, పిండి గూట్లో ఉందనీ చెప్పి కళ్లు మూసుకున్నారు.

భానోజీరావు శుభ్రంగా ఊడ్చాడు, కళ్లాపి చల్లాడు. ముగ్గుపిండి చేతిలోకి తీసుకునేసరికి గురువుగారు వేసే ముగ్గులు గుర్తొచ్చాయి. పద్మాలూ, మెలికలూ, వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూసేవి. ఒక గీత గీశాడు. అది వానపాములా వంకర్లు పోయింది. ఇంతటివారి గుమ్మంలో ఇదా అని సిగ్గుపడి చెంబుడు నీళ్లు పోసి చెరిపేశాడు. ముగ్గు లేకపోతే ఏం, వాకిలి అద్దంలా ఉంది కదా అని సంతృప్తిపడి, పెరటివైపు వంటింట్లో మిరియాల కషాయం కాచడానికి వెళ్లిపోయాడు. వాకిట్లో ముగ్గు లేని ఇంటిని చూసి జనం ఏమనుకుంటారో, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ముగ్గులు దాటుకుంటూ నడిచిన ఆ మనిషికి ఆ క్షణాన తోచలేదు.

ముందుగా చూసింది పాలు పోసే సన్యాసమ్మ. లోపల మూడు రోజుల జ్వరంతో ముసలావిడ, బయట బోసి వాకిలి. ఆమె పాలకేను అక్కడే దింపి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురింటి మేష్టారు చెప్పులు విడిచి వచ్చారు. ఎవరో పురోహితుడికి కబురంపారు. కాసేపట్లో పదిమంది పోగై గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. గురువుగారి పాత శిష్యుడొకడు ఎక్కడ సంపాదించాడో చామంతి దండ కూడా పట్టుకొచ్చాడు.

భానోజీరావు కషాయం గ్లాసుతో వచ్చి వీధిలోకి తొంగిచూశాడు. సన్యాసమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఎన్ని గంటలకి పేణం పోయింది బాబూ?"

అతను నోరు తెరిచేలోగా లోపలినుంచి దగ్గు వినిపించింది. ఆ వెనకాలే, కషాయం ఏమైందనీ, బయట ఆ గోలేమిటనీ గురువుగారి గొంతు.

ముందు మేష్టారు నవ్వారు, ఆయన్ను చూసి అందరూ నవ్వారు. సన్యాసమ్మ నవ్వుతూనే ఏడ్చింది. జరిగింది విని సోమిదేవమ్మగారు దగ్గొచ్చేదాకా నవ్వి, దండ వాడిపోతుందర్రా, ఆ వీణకి వెయ్యండి అన్నారు. తిరిగి ఇచ్చెయ్యడానికి తెచ్చిన వీణ మెడలో దండ పడింది.

ముగ్గెందుకు పెట్టలేదని ఆమె అడిగారు. మీలా రాదని మానేశానండీ అని అతను తల దించుకుని చెప్పాడు.

ఆమె గోడ పట్టుకుని మెల్లగా లేచి గుమ్మం దాకా నడిచారు. అతని భుజం ఆసరాగా వంగి, చిటికెడు పిండితో రెండు గీతలు గీశారు. జ్వరానికి చెయ్యి వణికింది. అవి అతను చెరిపేసిన గీతకన్నా ఏమంత తిన్నగా లేవు. సన్యాసమ్మ వాటిని కళ్లారా చూసుకుని, పాలు పోసి, తన దారిన తను వెళ్లింది. మేష్టారు చెప్పులు తొడుక్కున్నారు. వీధి ఎప్పటిలా అయిపోయింది.

భానోజీరావు ఆ గీతల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆమెను మంచం దాకా నడిపిస్తూ, ఆ రెండు గీతలు చాలాండీ అమ్మగారూ అని అడిగాడు.

ఆమె మంచం మీద వాలి కషాయం ఒక గుక్క తాగారు.

"పద్మాలు పండగలకి నాయనా. మామూలు రోజున, లోపల మనిషి ఉందని తెలిస్తే చాలు."