మంగతాయి ఉత్తరాల డబ్బా

ఇప్పలకోన అడవిలో కుందేళ్లు, ఉడతలు, ముంగిసలు, కొంగలు ఇరుగుపొరుగుగా బతికేవి. ఆ అడవి చివర, రాళ్లగుట్ట కింద, మంగతాయి అనే ముళ్లపంది ఉండేది.

పక్కనున్న మడుగులో సీతాలు అనే కొంగ ఉండేది. ఇద్దరూ సాయంత్రాలు ఒడ్డున కూర్చుని ఊసులాడుకునేవారు. ఆ ఏడు మాఘమాసంలోనే మడుగు అడుగంటింది. పాపం సీతాలు తిండిలేక అవతలి కొండ దగ్గరి చెరువుకి బయలుదేరింది.

"వెళ్తే వెళ్లు, నాకేం!" అని మంగతాయి మొహం తిప్పేసుకుంది.

ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. ఎవరైనా వలస వెళ్తే, ఉండిపోయినవాళ్లే మొదటి ఉత్తరం రాయాలి. 'నీ చోటు నీకే ఉంది, తిరిగి రా' అని దాని అర్థం. అది అందేదాకా వెళ్లినవాళ్లు రాయరు, రారు.

ఈ సంగతి మంగతాయికి తెలియక కాదు. "నన్ను వదిలి వెళ్లింది తను. తనే రాయాలి," అని భీష్మించుకు కూర్చుంది.

మూడు నెలలు గడిచాయి. గుట్ట కింద పలకరించే దిక్కు లేదు. మంగతాయి రోజూ ఇంటి ముందున్న ఉత్తరాల డబ్బా మూత తీసేది, లోపలికి తొంగి చూసేది, మూసేసేది. సాయంత్రమైతే దిగులు ముంచుకొచ్చేది. అయినా తప్పు తనదని ఒప్పుకుంటుందా? తప్పంతా డబ్బాదే అంది!

"ఇంత తుప్పుపట్టిన డబ్బాలో ఉత్తరం వేయడానికి ఎవరికి మనసొస్తుంది?"

వెంటనే పనిలోకి దిగింది. ఏటి ఇసుకతో, బీరపీచుతో తుప్పంతా తోమింది. చిల్లులకి మైనం అద్దింది. ఎర్రమట్టిలో తుమ్మబంక కలిపి రెండు పూతలు పూసింది. దాని మీద సున్నంతో చుక్కలు పెట్టి, మూత చుట్టూ గురివింద గింజలు అతికించింది. పైసా ఖర్చు లేకుండా డబ్బా పెళ్లికూతురిలా తయారైంది.

పొరుగున ఉండే కుందేలు పేరిందేవి చూడవచ్చింది. ఆమె ఇంటి ముందు వేలాడేది బీటలువారిన సొరకాయ బుర్ర. అయినా దాన్నిండా ఉత్తరాలే.

"ముచ్చటగా ఉంది వదినా! మరి సీతాలుకి రాశావా?"

"నేనెందుకు రాయాలి? నాకు మాత్రం పౌరుషం లేదా?"

"వానలు పడితే మడుగు నిండుతుంది. ఈలోగా నీ కబురు అందకపోతే తను అక్కడే గూడు కట్టేసుకుంటుంది. మా చెల్లెలికి నేను రాయబట్టే మొన్న పిల్లలతో సహా వచ్చేసింది. నీకు కోపమొచ్చినా సరే, రెండు ముక్కలు రాయి."

"నీ చెల్లెలు వేరు, సీతాలు వేరు," అని మంగతాయి మరో వరస గింజలు అతికించింది.

జ్యేష్ఠమాసంలో మబ్బులు పట్టాయి. ఉత్తరాలు పంచే వడ్రంగిపిట్ట వానలకి ముందు చివరిసారిగా వచ్చింది. వానలు వెలిసేదాకా ఇక తిరగదు. డబ్బాని చూసి ముచ్చటపడింది.

"ఎంత బాగుందమ్మా! ఇందులో తీసుకెళ్లాల్సిందేమైనా ఉందా?"

"ఏమీ లేదు. నాకే ఏమైనా వచ్చిందా?"

"లేదమ్మా," అని వడ్రంగిపిట్ట ఎగరబోయి ఆగింది. "ఆ చెరువు దగ్గర సీతాలమ్మ నేను వెళ్లినప్పుడల్లా అడిగేది, 'మంగతాయి ఉత్తరం ఉందా?' అని. మొన్న అడగలేదు. గూటికి పుల్లలు ఏరుకుంటోంది."

మంగతాయికి వడ్రంగిపిట్టని ఆగమని చెప్పాలన్న ఆలోచన కూడా తట్టలేదు. తేరుకుని చూసేసరికి అది చెట్ల మీదుగా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే వాన మొదలైంది. వారం తిరక్కుండానే మడుగు అంచులదాకా నిండింది. పేరిందేవి ఇంట్లో చెల్లెలి పిల్లల గోల వినిపిస్తోంది. మడుగు ఒడ్డున మాత్రం మంగతాయి ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

తర్వాత ఇంటికి వెళ్లి మోదుగాకు మీద రాసింది: "సీతాలూ, 'వెళ్తే వెళ్లు' అన్నది కోపంలో అన్న మాటే. నువ్వు లేక నాకేమీ తోచడం లేదు. నీ చోటు నీకే ఉంది."

తీసుకెళ్లేవాళ్లు రావడానికి ఇంకా మూడు నెలలు పడుతుంది. అయినా దాన్ని మడిచి డబ్బాలో వేసింది.

నీతి: బెట్టు చేసి ఎదురుచూస్తూ కూర్చుంటే అయినవాళ్లు దూరమవుతారు, ప్రేమ ఉన్నచోట ముందుగా మనమే పలకరించాలి.