తిప్పరసు చేతిలో చుట్టకుదురు

కరువొస్తే నగర కొఠారులోని ధాన్యం ఇంటింటికీ చేర్చాలని రాజాజ్ఞ. రెండేళ్లుగా చినుకు లేకపోయినా కొఠారు అధికారి తిప్పరసు తాళం తీయలేదు. "ఇదేం కరువు? నా గుమ్మం దాకా నడిచొచ్చి అరిచే ఓపిక మీకింకా ఉందిగా!" అన్నాడు జనంతో, బొజ్జ నిమురుకుంటూ.

ఇంట్లో పిల్లలు గంజి కోసం ఏడుస్తుంటే, బస్తాలు మోసే పోలక్కకు ఒళ్లు మండింది. అయినా చేతులు కట్టుకుని, "అయితే మేం లేవలేకుండా పడిపోతేనే కరువన్నమాటా దొరా?" అంది.

"అంతేగా మరి!"

పోలక్క తన నెత్తిమీది చుట్టకుదురు తీసి ఆయన చేతిలో పెట్టింది. "అప్పుడు ఇంటింటికీ బస్తాలు మోయాల్సింది మీరొక్కరే. ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకోండి దొరా."

తిప్పరసు తలుపు సందులోంచి, కప్పు దాకా పేర్చిన బస్తాల వంక చూశాడు. కుదురు ఆమెకు తిరిగిచ్చేసి, మొలనున్న తాళంచెవి తీశాడు.

"కరువొచ్చేసినట్టుందే, పోలక్కా!"