ఖాళీ గాదెలో ఎలుక

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఆడవాళ్లు ఆచారం ప్రకారం రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగారు. ఏ ఇంటివాళ్లయినా కప్ప మీద నీళ్లు పోసి, జోలెలో గింజలు వెయ్యాలి. ఊరి దొర నీళ్లు మాత్రం పోశాడు. "నా గాదె కూడా ఖాళీయే" అన్నాడు.

మర్నాడు ఆ ఆడవాళ్లలో ఒకతి, కూలి చేసుకునే బాలవ్వ, దొర ఇంటికి మళ్లీ వచ్చింది. భుజం మీది రోకలికి ఒక కొసన కప్ప, రెండో కొసన ఎలుక.

దొర పదిమంది ముందూ నవ్వాడు. "కప్ప అరిస్తే వానొస్తుందంటారు. ఎలుక అరిస్తే ఏమొస్తుందే బాలవ్వా?"

"ఏమీ రాదు దొరా. రెండింటినీ పక్కపక్కన చూడండి, చాలు. ఈ కప్ప మా మడుగులోది. తోలు ఎముకలకంటుకుపోయింది. ఈ ఎలుక నిన్న మీ గాదె కిందినుంచి వచ్చింది. బలిసి పరిగెత్తలేక నా చేతికి చిక్కింది. ఖాళీ గాదెలో గాలి తిని ఇంత ఒళ్లు చేసిందంటే, ఆ గాలేదో మా పిల్లలకూ కాస్త పెట్టించండి."

ఎవరూ నవ్వలేదు. దొర మొహం నల్లబడింది. చెంబెత్తి కప్ప మీద పోయబోయి, నీళ్లు తన కాళ్ల మీదే పోసుకున్నాడు. మొలలోంచి గాదె తాళంచెవి తీశాడు గానీ, బాలవ్వ మొహంలోకి చూస్తూ చేతికివ్వలేకపోయాడు. తల దించుకుని, దాన్ని రోకలికి తగిలించి లోపలికి వెళ్లిపోయాడు.