ఉప్పుమడి తాత పుస్తకం

అనగనగా, సముద్రానికి కూతవేటు దూరంలో, ఒక ఉప్పుమడుల ఊరు ఉండేది, బంగారూ. మడి అంటే మన వరిమడి లాంటిదే. కాకపోతే అందులో పెట్టేది సముద్రపు నీరు, తీసేది ఉప్పు.

ఆ ఊళ్ళో గున్నమ్మ ఉండేది. మాట పొదుపు మనిషి. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, నీలవేణి.

ఒకనాడు బడిలో పరీక్ష పెట్టారు. "నీరు ఆవిరి కావాలంటే ఏం కావాలి?" అని ప్రశ్న. పాఠంలో పొయ్యి, దాని మీద గిన్నె ఉన్న బొమ్మ ఉంది. నీలవేణేమో "పడమటి గాలి" అని రాసింది. సున్నా వచ్చింది. ఆ తర్వాత ఇంకో పరీక్ష. మళ్ళీ పడమటి గాలే, మళ్ళీ సున్నానే. ముచ్చటగా మూడోసారీ అంతే.

"ఏటే, పుస్తకంలో ఉన్నది రాయడానికేటి నొప్పి?" అంది గున్నమ్మ.

"నేనూ పుస్తకంలో ఉన్నదే రాశానమ్మా!"

గున్నమ్మ ఆ మాట నమ్మలేదు. ఈ పిల్లకి చదువు అబ్బదనుకుంది. మడిలో ఉప్పు లాగడానికి వాడే కర్ర ఒకటి, పిల్ల ఎత్తుకి సరిపోయేలా చేయించింది. మర్నాడు ఆ కర్రతోనే బడికెళ్ళింది. పేరు తీయించేసి, అట్నుంచటే పిల్లని మడికి తీసుకుపోదామని.

టీచరమ్మ పేరు సుభాషిణి. ఉప్పు డబ్బాలో తప్ప మడిలో చూడని మనిషి. గున్నమ్మ చెప్పిందంతా ఆవిడ వింది.

"తీసేస్తాను గానీ, ఒక్క మాట. పడమటి గాలి ఏ పుస్తకంలో ఉందే నీలవేణీ?" అంది.

నీలవేణి సంచిలోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తీసింది. అది గున్నమ్మ నాన్నది. ముప్పై ఏళ్ళు మడి కాసిన మనిషి. రోజూ పొద్దువాలాక నాలుగు ముక్కలు రాసుకునేవాడు. నీలవేణి చదివింది.

"మబ్బు. గాలి లేదు. ఉప్పు దిగలేదు."

"ఎండ. తూరుపు గాలి, చెమ్మ. కొంచెం దిగింది."

"ఎండ. పడమటి గాలి, పొడి. గంపలు చాల్లేదు."

గున్నమ్మకి చదువు రాదు. నాన్న పోయాక ఆయన మాట వినడం అదే మొదలు. కర్ర గోడకి ఆనించి, పుస్తకం దగ్గరికి జరిగింది.

అప్పుడు టీచరమ్మ మూడు పళ్ళేల్లో మడినీళ్ళు పోయించింది. ఒకటి గదిలో పెట్టింది. ఒకటి ఎండలో, గోడ చాటున. ఇంకోటి ఎండలోనే, గాలికి ఎదురుగా.

"ఏది ముందు ఎండుతుందో చూద్దాం, కూచోండి."

"చూసేదేటి టీచరమ్మా, మూడోదే! ఆ మాత్రం మాకు తెల్దేటి?" అనేసింది గున్నమ్మ.

"మీ అమ్మాయి రాసిందీ అదేగా!"

గున్నమ్మ వచ్చి కూతురి పక్కన కూచుంది.

మధ్యాహ్నానికి మూడో పళ్ళెం అంచున తెల్లగా ఉప్పు కట్టింది. టీచరమ్మ మూడు సున్నాలూ కొట్టేసింది. "గాలి ఒక్కటే కాదు, వేడీ రాయాలి. తాత రెండూ రాశాడు చూడు. బొమ్మలో పొయ్యి ఉంది, మీ మడికి సూర్యుడే పొయ్యి" అంది. పిల్లలందరికీ అప్పుడు బొమ్మ అర్థమైంది.

ఆ తర్వాత రోజూ తాత పుస్తకంలో ఒక పేజీ, పాఠంలో ఒక పేజీ.

ఆ రోజు ఇంటికెళ్ళే ముందు గున్నమ్మ కర్ర టీచరమ్మ చేతికిచ్చింది. "బోర్డు మీద చూపించడానికి ఉంచండి" అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రేపూ మా నాన్న పుస్తకం చదువుతారా? నేనూ వచ్చి ఓ మూల కూచుంటాను."

మడి కర్ర బడికి,
పళ్ళెంలో ఉప్పు కుండకి,
కథేమో కంచికి,
నువ్వేమో నా ఒడికి!